కొండ కనిపించింది

రాజుల పట్టాభిషేకాల మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా చరిత్రకారులు వాతావరణ కేంద్రం పరిశీలకుడి కళ్ళద్దాల మీద పెట్టలేదు. రోజూ పొద్దున్నే ఆయన మేడెక్కి, చొక్కా అంచుతో వాటిని తుడిచి, ఊపిరి బిగబట్టి చూసేవాడు: ముందు నీళ్ళ ట్యాంకు, తర్వాత మిల్లు పొగగొట్టం, చివరికి దూరాన కొండ. కొండ దాకా కనబడితే గాలి తేటగా ఉన్నట్టు లెక్క. ఏటికేడు ఆ కొండ మసకబారి, చివరికి మాయమైంది. చూపు తగ్గిందని తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయన రోజూ "కొండ కనిపించింది" అనే పై ఆఫీసుకు చెబుతూ వచ్చాడు. వాళ్ళు నమ్మారు. ఒకనాడు ఉండబట్టలేక భార్య దగ్గర బయటపడ్డాడు.

"ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బాయే కనబడదు మీకు, కొండొకటా! పదండి డాక్టరు దగ్గరికి," అని ఆవిడ రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది.

చార్టులో అడుగు వరస అక్షరాలు కూడా ఆయన తడబడకుండా చదివేశాడు.

"మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ," అన్నాడు డాక్టరు.

"ఇంకోసారి చూడండి బాబూ, ఎక్కడో ఏదో లోపం ఉండే ఉంటుంది," అని ఆయన బతిమాలాడు.

లోపమేమీ దొరకలేదు. మర్నాడు మేడెక్కి చూసి ఆయన పై ఆఫీసుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. కొండ కనబడలేదు. మిల్లు పొగగొట్టం మాత్రం కనబడింది.