సుబ్బయ్య శెట్టిని ముంచబోయిన ఉదాహరణ

అప్పుల మూటల్లో ఏది మునుగుతుందో పరిశోధించి పెట్టుబడిదారులకు రిపోర్టులు రాయడం బెంగళూరులో నా ఉద్యోగం. కిందటేడు ప్రొద్దుటూరులో మా మామ బట్టలంగడిలో కూర్చుని, క్రెడిట్ డెరివేటివ్స్ గురించి ఆయనకు గొప్పగా పాఠం చెప్పాను.

"మామా, ఎదురంగడి సుబ్బయ్య శెట్టి మునిగిపోతాడనుకో. ఆయనకు అప్పియ్యనోళ్లు కూడా ముందే దానిమీద ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. ఆయన మునిగితే వీళ్లకు దుడ్లొస్తాయి."

"ఇంకొకని కొంప కాలితే మనకు దుడ్లా? శానా బాగుందే నీ సదువు!" అన్నాడు మామ.

చీరలు చూస్తున్న ఇద్దరు పాఠమంతా వదిలేసి, శెట్టి మునిగిపోతాడన్న ముక్క మాత్రం పట్టుకుపోయారు. మధ్యాహ్నానికల్లా ఆయనకు అప్పిచ్చినవాళ్లు జమ్మలమడుగు నుంచి కూడా వచ్చి శెట్టి అంగడి ముందు మూగారు. ఆయన నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఏం పాపా, నేను మునిగితే నీకెంతొస్తాది?"

మామ లేచి, గల్లాపెట్టెలోని నోట్లకట్టలన్నీ అందరూ చూస్తుండగా శెట్టికి కొత్తగా అప్పిచ్చాడు. అది చూసి వచ్చినవాళ్లంతా నిమ్మళంగా వెళ్లిపోయారు. నా రిపోర్టుల్లో ఒక్కటీ చేయలేని పని అది.

అప్పటి నుంచి ప్రొద్దుటూరులో ఎవరికి ఈ పాఠం చెప్పినా ఉదాహరణకు నా పేరే వాడుతున్నాను. మొన్న స్కూటర్ కొనడానికి అప్పడిగితే మామ ఇవ్వనన్నాడు.

"నువ్వు మునిగిపోతాండావంట కదే, బజారంతా అనుకుంటాండారు!"