బీడీ చాటు మాత్ర

నా భర్త బేతంచెర్లలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా ఇద్దరికీ హెచ్ఐవీ ఉందని అత్తమామలకు కూడా తెలియదు. రోజూ అన్నాలయ్యాక ఆయన "బీడీ తాగొస్తా" అని పెరట్లోకి పోయేవాడు. మాత్రలు ఆ బీడీల డబ్బాలోనే ఉండేవి. వాసన రాకపోతే ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుందని, మాత్ర మింగి నిజంగానే బీడీ ముట్టించేవాడు.

"మనట్లాంటోళ్లకు పొగ ఇంకా శానా చేటంట. క్యాన్సర్ తొందరగా వస్తాదంట" అని ఎంత మొత్తుకున్నానో!

"మాత్ర ఏసుకుంటాండా కదా, ఇంగేం కాదులే" అనేవాడు ఆ తిక్క మనిషి.

మొన్న కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు రెండు సంగతులూ ఒకేసారి చెప్పాడు. రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిందట. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మాత్రం చెయ్యి దాటిపోయిందట. గోడకు తల బాదుకోవాలనిపించింది.

ఇంటికి తెచ్చాక వీధంతా చూడ్డానికి వచ్చింది.

"ఏమాయెనమ్మా నీ మొగునికి?" అని పక్కింటామె అడిగింది.

"క్యాన్సర్" అన్నాను, అందరికీ వినబడేలా.

మంచం మీద ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇన్నేళ్లకు మాకు పైకి చెప్పుకోగల రోగం వచ్చింది.