ఏడు ఖాళీ గీతలు

స్లావ్కోకి ఫారాలంటే ఒళ్లుమంట. పన్నుల ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు ఫారాల మధ్యే బతికినవాడికి ఇదేం జబ్బో నాకు అర్థమయ్యేది కాదు. ఆయనది మూడో కౌంటరు, నాది నాలుగోది. ద్రావా నది ఒడ్డున మా చిన్న ఊళ్లో ఎవరి సంపాదన ఎంతో, ఎవరి తోటలో ఏం పండిందో మా ఇద్దరికీ తెలుసు. అందుకే మమ్మల్ని పెళ్లిళ్లకి పిలవాలంటే జనం కాస్త ఆలోచించేవారు.

ఆదాయపు పన్ను ఫారం అప్పట్లో పన్నెండు పేజీలు. చలి తగ్గగానే ముసలి రైతులు ప్లాస్టిక్ సంచుల్లో కాయితాలు కుక్కుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఏదో నేరం చేసినవాళ్లలా వరసలో నిలబడేవారు. స్లావ్కో వాళ్ల చేతుల్లోంచి ఫారం లాక్కుని తనే నింపేవాడు. "కష్టపడి సంపాదించుకున్నందుకు పన్ను కట్టమన్నాం, బాగుంది. మళ్లీ ఈ పరీక్ష కూడా రాయించాలా?" అని నా మీద అరిచేవాడు, ఫారం నేనే అచ్చేయించినట్టు. ఏటా జనవరిలో రాజధానికి ఉత్తరం రాసేవాడు, ఒక్క పేజీ చాలు మహాప్రభో అని. అది టైపు చేసే పని నాది.

ఆ ఉత్తరంలో మొదటి కోరిక ఎప్పుడూ పన్నెండో పేజీ గురించే. అక్కడ 'ఇతర విషయాలు' అని ఉండి, దాని కింద ఏడు ఖాళీ గీతలు ఉండేవి. జనం వాటి మీద మనసులో ఉన్నదంతా కక్కేవారు. ఒకాయన పందికి జబ్బు చేసిందని రాస్తే, ఇంకొకాయన పక్కింటి బాతులు క్యాబేజీ తినేశాయని రాశాడు. ఒకావిడ వరసగా నాలుగేళ్లు మొగుడి తాగుడు గురించి రాసింది. ఏం రాసినా చదివి జవాబివ్వాలని రూలు. "ఈ సోది తీసేస్తే సగం పని తగ్గుతుంది. కొట్టమ్మా వెస్నా, కొట్టు" అనేవాడు స్లావ్కో. నేను నవ్వుకుంటూ టైపు కొట్టేదాన్ని. మా ఇద్దరి బుద్ధీ అప్పుడు అంతే.

నెవెన్కా కూడా ఆ గీతల మీదే రాసేది. బస్టాండు దగ్గర చిన్న కుట్టుకొట్టు ఆమెది. జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. మొగుడు డార్కో ఇంకొకామెతో వెళ్లిపోయి విడాకులిచ్చాడు. వాడి తల్లి మాండా మాత్రం కొడుకు వెంట పోలేదు. "పెళ్లాన్ని మార్చుకున్నావు, నీ ఇష్టం. కోడల్ని మార్చుకునే ఓపిక నాకు లేదు" అని వాడి మొహం మీదే చెప్పింది. తర్వాత కాళ్లు పడిపోయాయి. అప్పుడూ ఆ మాజీ కోడలి దగ్గరే ఉండిపోయింది.

మన పోషణలో ఎవరైనా ఉంటే పన్నులో మినహాయింపు ఇస్తారు. విడాకులిచ్చిన మొగుడి తల్లికి మాత్రం ఆ ఫారంలో గడి లేదు. కాబట్టి నెవెన్కా ఏటా ఆ గీతల మీద ఒకే సంగతి రాసేది: "ఈవిడ నా మాజీ భర్త తల్లి. నేనే తిండి పెడతాను, నేనే స్నానం చేయిస్తాను. నేను తప్ప ఈవిడకి ఎవరూ లేరు." స్లావ్కో చదివి, 'విచారించి ఒప్పుకున్నాను' అని రాసి ముద్ర కొట్టేవాడు. ఆ మిగిలిన డబ్బుతో ముసలావిడ దగ్గర ఒక మనిషిని పెట్టుకుని నెవెన్కా కొట్టు తెరిచేది. అది ఆగిపోతే కొట్టన్నా మూసుకోవాలి, మాండాని ఎక్కడో దూరాన వృద్ధాశ్రమంలోనన్నా పడెయ్యాలి.

చివరికి ఎవరు విన్నారో గాని, ఫారం నిజంగానే ఒక్క పేజీ అయింది. అదీ కాగితం కాదు, కంప్యూటరు తెర. మన సంపాదన అందులో ముందే నింపి ఉంటుంది, 'సరే' అని నొక్కితే పని అయిపోతుంది. స్లావ్కో ఇంట్లో కాచిన ప్లమ్ సారా తెచ్చి ఆఫీసంతటికీ పోశాడు. మాట్లాడబోయి, మానేసి మళ్లీ గ్లాసులు నింపాడు. ఆ సందడిలోనే నెవెన్కా వచ్చి, జనం కోసం పెట్టిన కంప్యూటరు ముందు కూర్చుంది.

"స్లావ్కో గారూ, గీతలు కనబడట్లేదండీ. మా అత్తమ్మ సంగతి ఎక్కడ రాయను?"

"రాయడాలు పోయాయమ్మా! పోషణలో ఎవరున్నారో జాబితా ఉంది, చూడు. భర్త, బిడ్డ, తల్లి, తండ్రి. తల్లి అని నొక్కెయ్."

"ఆవిడ మా అమ్మ కాదు కదండీ."

"నీకంటే బాగా చూసే కూతురెవరే? నొక్కేసి ఇంటికెళ్లు."

నెవెన్కా నొక్కింది. గ్లాసు చేత్తో పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. అది తప్పని నాకు తెలుసు, అయినా నోరు మెదపలేదు.

నెవెన్కా కన్నతల్లి పోయి ఎనిమిదేళ్లయిన సంగతి ఆ యంత్రానికి తెలుసు. శరత్కాలంలో నోటీసు వచ్చింది: తప్పుడు వివరం ఇచ్చారు, తీసుకున్నది వెనక్కి కట్టండి, జరిమానా కట్టండి, ఇకపై ఐదేళ్లు మినహాయింపు లేదు. నెవెన్కా ఉండే వీధి స్లావ్కో కిందకే వస్తుంది కాబట్టి తేల్చాల్సిందీ ఆయనే. నోటీసు చూసిన వెంటనే మా అధికారి గదిలోకి వెళ్లాడు. తలుపు తీసే ఉంది.

"ఆ అమ్మాయి అబద్ధమాడలేదు సార్. అలా నొక్కమన్నది నేను. నా మీద రాయండి."

"ఎక్కడ రాయమంటావయ్యా? 'వివరం నిజం', 'వివరం తప్పు'. ఉన్నవి ఆ రెండే. నువ్వడిగిందే కదా ఇది, ఇన్నేళ్లూ?"

ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. స్లావ్కో తిరిగొచ్చి నోటీసు ముందు పెట్టుకుని కౌంటర్లో కూర్చున్నాడు.

తేల్చడానికి గడువు చివరి రోజున నెవెన్కా చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. నోటీసు అందిన రోజే పనిమనిషిని మానిపించింది, ముసలావిడని ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకుంది. మాండా ఒకప్పుడు మా బడిలో వంటమనిషి. మా అందరికీ వడ్డించిన చెయ్యి అది.

"ఒరేయ్ స్లావ్కో, రెండోసారి చిక్కుళ్ల పులుసు పొయ్యమని గిన్నె పట్టుకుని నిలబడేవాడివి, గుర్తుందా? ఇప్పుడు నేనొచ్చాను అడగడానికి. నీ జాబితాలో నేను ఏ గడిలో ఉన్నానురా?"

"లేవు మాండమ్మా."

"మా డార్కో ఫారంలో?"

"వాడు నీ పేరు పెట్టలేదు."

"పోనీలే," అంది మాండా. నెవెన్కా కుర్చీ వెనక నిలబడి ముసలావిడ శాలువా సర్దుతూనే ఉంది, అది జారకపోయినా.

స్లావ్కో సొరుగు లాగి పాత ఫారం ఒకటి బయటికి తీశాడు. పన్నెండో పేజీ తిప్పి రాయడం మొదలుపెట్టాడు. ఏడు గీతలూ నిండిపోయాయి, అంచుల్లో కూడా రాశాడు. కింద సంతకం పెట్టి ముద్ర కొట్టి, దాన్ని ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ గీతల్ని తీసెయ్యమన్న ప్రతి ఉత్తరం ఈ వేళ్లతో కొట్టిందే.

మధ్యాహ్నం పన్నెండులోగా తేల్చకపోతే జరిమానా రెట్టింపవుతుంది. స్లావ్కో 'వివరం నిజం' అని నొక్కాడు. తెర ఎర్రబడి, చెల్లదని చూపించింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. గోడ గడియారం వంక చూసి రెండోది నొక్కాడు. తెర ఆకుపచ్చగా మారింది.

"ఏం నొక్కావురా?" అంది మాండా.

"తప్పు అని నొక్కానమ్మా."

"ఎవరిదిట తప్పు?"

స్లావ్కో ఆ కాగితాన్ని మడతపెట్టి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"ఆ యంత్రం అది అడగదమ్మా," అన్నాడు.