రేపల్లెలో ఒక ప్రభు భోజనం

నేను మా చర్చిలో పాస్టరుగా చేసిన పాత అయ్యగారిని వెంటబెట్టుకుని ఇంటికి చేరేసరికి ముందు గదిలో ఉన్నవి ఇవి: కిటికీ పక్కన నవారు మంచం, తెల్లగుడ్డ కప్పిన చిన్న బల్ల, గోడకు ఆనించిన రెండు కుర్చీలు, మరచెంబు. ఉన్నవాళ్లు: మంచం మీద నాయనమ్మ, తల దగ్గర పెద్దమ్మ, కాళ్ల దగ్గర మా నాన్న, చాప మీద సంఘం ఆడవాళ్లు ఐదుగురు, గుమ్మం బయట నిజాంపట్నం నుంచి చూడడానికి వచ్చిన ముసలి జాలరి ఒకాయన. వంటింట్లో అన్నం, పప్పు, వంకాయ పులుసు, చేపల వేపుడు మూతలు పెట్టి ఉన్నాయి. ఎవరూ తినలేదు. మధ్యాహ్నం రెండు దాటింది. 1974 మే నెల.

నాయనమ్మకు అన్నం దిగే గొట్టంలో గడ్డ లేచింది. తెనాలిలో పెద్ద డాక్టరుకు చూపించాం. నేను డిప్లొమా చదివి కాలువల శాఖలో చేరినవాణ్ని. లోపల ఎన్ని మిల్లీమీటర్ల సందు మిగిలి ఉందని ఆయన్ని అడిగాను. వడగట్టిన పాలు దిగుతాయని, అవి కూడా ఎన్నాళ్లు దిగుతాయో చెప్పలేనని ఆయన అన్నారు. ఆపరేషన్‌కు వయసు దాటిపోయిందన్నారు. తిరుగు రైల్లో నాయనమ్మ మమ్మల్ని ఏమీ అడగలేదు. సగం దారి దాటాక మాత్రం, మధ్యాహ్నం మేం ఏం తిన్నామని అడిగింది.

మా ఇల్లు స్టేషనుకు దగ్గర. తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెతో ఆగిపోతుంది, దానికి అవతల పట్టాలు లేవు. సాయంత్రం బండి ఆలస్యమైతే సముద్రం వైపు ఊళ్లకు ఆఖరి బస్సు వెళ్లిపోయేది. అలా చిక్కుకున్నవాళ్లు, ఆ నిజాంపట్నం జాలరి లాంటివాళ్లు, మా అరుగు మీద పడుకునేవారు. నాయనమ్మ బండి కూత విన్నాకే ఎసట్లో బియ్యం పోసేది. పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చికిచ్చే బియ్యం కుండలో వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. వచ్చినవాళ్లది ఏ కులమని, ఏ మతమని అడగగా నేను వినలేదు. కారం తింటారా అని మాత్రం అడిగేది. వాళ్లు తింటున్నంతసేపూ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

పాలు దిగడం కష్టమయ్యాక ఆమె ఒక్కటే కోరింది. గొంతు పూర్తిగా మూసుకుపోకముందు ప్రభు భోజనం తీసుకోవాలి, అదీ పాత అయ్యగారి చేతి మీదుగా. మా నాన్నకూ పెద్దనాన్నకూ బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. సైకిలు మీద ఊళ్లు తిరిగే రోజుల్లో ఆయన మధ్యాహ్నం భోజనం ఎక్కువగా మా ఇంట్లోనే. పని విరమించి బాపట్లలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇప్పటి అయ్యగారు తానే వచ్చి ఇస్తానంటే, ఆయన మనసు నొప్పించకుండా నాయనమ్మ రెండుసార్లు వాయిదా వేసింది.

నేను తొలి బస్సుకు బాపట్ల వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు చెరుకుపల్లి ఇవతల టైరు పేలింది. స్పేరు టైరులో గాలి లేదు. ఎండలో రోడ్డు పక్కన అయ్యగారికి సోడా ఇప్పించబోతే వద్దన్నారు. ఆమెకు ఇచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టనన్నారు. ఉపవాసం ఆయన ఒక్కరిదే అనుకున్నాను. ఇంట్లో ఇంకొకరు కూడా ఉపవాసం ఉంటారని నాకు తట్టలేదు.

ప్రభు భోజనం ఖాళీ కడుపుతో తీసుకోవాలన్నది నాయనమ్మ పట్టు. ముందు రాత్రి నుంచి పెదవి తడపనివ్వలేదట. తట్టుకోలేక పెద్దమ్మ చెంచాలో నీళ్లు పట్టుకొచ్చి, మందు అత్తయ్యా అందట. నాయనమ్మ చెంచా వైపు చూసి, "మందయితే నువ్వింత ప్రేమగా తేవు కదే" అందట. పెద్దమ్మ అది నాకు చెబుతూ నవ్వబోయి ఏడ్చింది.

అయ్యగారు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు. నాయనమ్మ గొంతు గాలిలా వచ్చింది.

"భోంచేశారా అయ్యగారూ?"

"లేదమ్మా. నీకిచ్చాకే."

"అయితే తొందరగా ఇచ్చెయ్యండి. అన్నీ చల్లారిపోతున్నాయి."

ఆయన ప్రార్థన చేసి, రొట్టెలో బియ్యపు గింజంత తుంచి, ద్రాక్షారసంలో నానబెట్టి ఆమె నాలుక మీద పెట్టారు. నాయనమ్మ కళ్లు మూసుకుంది. గొంతు రెండుసార్లు కదిలింది. తర్వాత దగ్గు వచ్చి, ముక్క పెద్దమ్మ పట్టిన గుడ్డలోకి వచ్చేసింది.

నోట్లోకి వెళ్లాక తీసుకున్నట్టేనని అయ్యగారు నెమ్మదిగా చెప్పారు. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది.

"దిగలేదండి. నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే తిన్నట్టా? నా ఇంట్లో ఎవరన్నా అలా చేస్తే ఊరుకున్నానా?"

అయ్యగారు రొట్టె పక్కన పెట్టి, చెంచా అంచుతో ద్రాక్షారసం ఒక్క బొట్టు వేశారు. ఆగారు. ఇంకో బొట్టు వేశారు. పూడిపోయిన గొట్టంలో కూడా తడి ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటుందని నేను చదువుకున్నాను. ఆ పూట అది నిజం కావాలని కోరుకున్నంతగా నేనెప్పుడూ ఏదీ కోరుకోలేదు. నాయనమ్మ చెయ్యి కొంచెం పైకెత్తింది.

"దిగింది" అంది.

అయ్యగారు దీవెన సగం వరకే చదవగలిగారు. మిగతాది నాన్న చదివాడు.

"ఇంక వడ్డించవే" అని నాయనమ్మ పెద్దమ్మతో అంది. వంటింటి తలుపు బార్లా తీసి ఉంచమంది. లేచి చూసే ఓపిక లేదు కనక మేం తినడం వినాలి.

అందరం వంటింట్లో విస్తళ్ల ముందు కూర్చున్నాం, ఆ జాలరి కూడా. అయ్యగారి చెయ్యి అన్నంలోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆయన కన్నీళ్లు విస్తట్లోకి కారుతున్నాయి. తినలేకపోతే లేవమని పెద్దమ్మ చెవిలో చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, కలిపి ఒక ముద్ద మింగి, ముందు గదిలోకి వినపడేలా గొంతు పెంచారు.

"అమ్మా, పులుసు బాగా కుదిరింది. ఇంకాస్త అన్నం పెట్టమని చెప్పు."

ముందు గదిలోంచి నాయనమ్మ పెద్దమ్మను పేరు పెట్టి పిలిచింది. చాలా సన్నగా వినిపించింది.

ఆ తర్వాత పాలు రెండు రోజులే దిగాయి. ఆ వారంలోనే నాయనమ్మ పోయింది. అయ్యగారికి అప్పటికే డెబ్బై దాటాయి. ఆ మధ్యాహ్నం ఆయన మూడుసార్లు మారు అన్నం వేయించుకున్నారు.