ఇమాంబీ మాటిచ్చిన మామిడికాయలు

మా ఆవిడ ఇమాంబీకి కస్టమర్ అంటే బయటి మనిషి కాదు. రెండోసారి ఫోన్ చేశారంటే చుట్టమైపోతారు. ఆర్డరు సంగతి తర్వాత, ముందు పిల్లలు ఏం చదువుతున్నారు, అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా అని మొదలుపెడుతుంది. భద్రాచలంలో మా గాజుల కొట్టు వెనక గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో అడవి సరుకు అమ్ముతుంది. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, విస్తరాకులు, ఏ కాలానికి ఏది దొరికితే అది. పేజీ నడిపేది మా అమ్మాయి మహీన్. అట్టపెట్టెలు కట్టి మోసేది నేను, ముక్తార్‌ని. ఆ కంపెనీలో జీతం లేని ఉద్యోగిని నేనొక్కణ్నే.

ఈ వ్యాపారం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న సంత సంతకూ తిరిగి అడవి ఊళ్లవాళ్ల దగ్గర చింతపండు కొనేవాడు. గౌను వేసుకునే రోజుల నుంచీ ఈమె ఆయన వెంట ఉండేది. నన్ను చేసుకున్నాక చాలా ఏళ్లు గాజులే తొడిగింది. ఒకసారి రాములవారి దర్శనానికి వచ్చిన సికింద్రాబాద్ ఆవిడ గాజులు కొంటూ, మూలనున్న మా ఇంటి చింతపండు చూసి ఇంత అడిగి పట్టుకెళ్లింది. వారం తిరక్కుండానే ఫోన్. వాళ్ల అపార్ట్‌మెంటులో అందరికీ కావాలట! ఆ రోజు ఇమాంబీ ముఖం చూడాలి. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు, ఒట్టు.

ఎవరైనా చింతపండు నల్లబడిందని ఫోన్ చేస్తే క్షమాపణ చెప్పే అలవాటు ఆమెకు లేదు. "యాడ పెట్టినవ్ బిడ్డా? పొయ్యి పక్కనా? మరి నల్లబడక ఏం జేస్తది?" అని చీవాట్లు పెట్టి, ఇంకో పొట్లం ఊరికే పంపుతుంది. మహీన్ తల పట్టుకునేది. "అమ్మీ, కస్టమర్లతోటి గట్ల మాట్లాడొద్దు. రేటింగ్ పోతది." పోలేదు సరికదా పెరిగింది. చీవాట్లు తిన్నవాళ్లే పదిమందికి చెప్పారు. మా ఇంట్లో మాటలు ఉర్దూలోనే నడుస్తాయి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

ఆ ఏడాది ఉగాది ఒకరోజు, ఆ మర్నాడే రంజాన్ పండుగ పడ్డాయి. మహీన్‌కు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఉగాది పచ్చడి పెట్టె! కొత్త చింతపండు, వేపపువ్వు, బెల్లం, పూలి వాళ్ల ఊరి అడవి మామిడికాయలు. పూలి మాకు ఎప్పటినుంచో సరుకు ఇచ్చే కోయ ఆడమనిషి. మహీన్ ఫొటో పెట్టిందో లేదో, ఆర్డర్లు వరద వచ్చినట్టు వచ్చాయి. కరీంనగర్, హైదరాబాద్, మధిర, ఎక్కడెక్కడి వాళ్లో. "ఉగాది పొద్దుకు మీ ఇంట్ల ఉంటయి, నాది మాట," అని ఇమాంబీ ప్రతివాళ్లకూ చెప్పింది. ఉపవాసంతో గొంతు ఎండుతున్నా హుషారు తగ్గలేదు.

ఉగాది ఇంకా వారం ఉందనగా పూలి కొట్టుకు వచ్చింది. చేతులు ఖాళీ.

"కాయలేయి పూలీ?"

"కొయ్యలేదక్కా. మా పెద్ద పూజారి కాలం జేసిండు. ఆయన దినాలు కావాలె. మామిడి పండుగ ఎనక్కి పోయింది."

ఆ ఊళ్లో మామిడి పండుగ చేసి, దేవతకు పెట్టనిదే కొత్త కాయ ఎవరూ కొయ్యరు, తినరు. చింతపండు పండుగ ముందే అయిపోయింది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కిందటేడు మామిడి పండుగ ఉగాదికి చాలా ముందే జరిగింది, ఈసారీ అంతే అనుకుని మా ఆవిడ అడగకుండానే మాటిచ్చేసింది.

ఇద్దరం ఆటోలో ఆ ఊరికి పరుగెత్తాం. ఊరి చుట్టూ చెట్లు కాయలతో విరగబడుతున్నాయి. చేయి చాస్తే అందుతాయి. ఒక్క పిల్లవాడు కూడా రాయి వెయ్యడం లేదు. కొత్తగా పెద్దరికం తీసుకున్న జంపయ్య ముందు ఇమాంబీ చేతులు జోడించింది.

"తాతా, పండుగ జర ముందుకు జరపరాదే? నేను ఊరూరికి మాటిచ్చిన."

"ఎట్ల జరుపుతం తల్లీ? మా పసిపోరలు గూడ తింటలేరు, సూడు."

ఇమాంబీ ఆ చెట్ల వంక చూసింది. జోడించిన చేతులు దించి ఆటో వైపు నడిచింది.

తిరుగుదారిలో నేను నా తెలివి ప్రదర్శించాను. "పెనుబల్లి తోటల్ల కాయలు బస్తాలకు బస్తాలున్నయి. తెచ్చి పెట్టెల్ల పెడదాం. కాయ మీద ఊరి పేరుంటదా ఏంది?"

"ఏమయ్యా మహీన్ అబ్బా, రేపు ఆ సికింద్రాబాదామె ఫోన్ చేసి, అక్కా, అడవి కాయ ఎంత పుల్లగుందో అంటది. నేను అవ్ అనాలె గదా? నా నోటికి రాదు."

అంతటితో నా తెలివి మూతపడింది. ఆమెకు నిజంగా భయం పట్టుకుందని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు గొంతుతో సంపాదించుకున్న మనుషులు, ఈ ఒక్క పండుగతో పోతారేమోనని.

మహీన్ క్షమాపణ మెసేజ్ రాసింది. ఇమాంబీ పంపనివ్వలేదు. "ఉగాది పొద్దుగాల మెసేజ్ జూసి తెల్సుకోవాల్నా వాళ్లు? నేనే చెప్త." ఒక్కొక్కరికీ ఫోన్ మొదలుపెట్టింది. పూజారి పోవడం, పండుగ వెనక్కి జరగడం, తాను అడగకుండా మాటివ్వడం, అన్నీ దాచకుండా చెప్పేది. పైసలు వాపసు కావాలంటే ఇస్తాను, ఆగితే పండుగయ్యాక కాయలు పంపుతాను అనేది.

మొదటి ఫోన్లలోనే మల్లాపూర్ సుదర్శన్‌రావు అనే ఆయన దొరికాడు. "మోసం! మీలాంటోళ్లకు ఆన్‌లైన్ల వ్యాపారం ఎందుకమ్మా?" అని ఇంత గొంతేసుకుని అరిచి, ఆర్డరు రద్దు చేసి పెట్టేశాడు. ఇమాంబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నంబరుకు తిరిగి చేసి నాలుగు దులుపుతానంటే ఫోన్ లాక్కుంది. కళ్లు తుడుచుకుని తర్వాతి నంబరు నొక్కింది.

ఎత్తింది సికింద్రాబాద్ ఆవిడే. చివరిదాకా అంతా వింది. తర్వాత అంది, "పచ్చడికి కాయ మా వీధిలో దొరుకుతుంది లేవే. ఆ పిల్లలు తినకుండా నా ఇంటికెందుకు? వాళ్లు తిన్నాకే పంపు."

అంతే! ఇమాంబీకి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వరసగా అదే మాట. ఆగుతాం, ఆగుతాం. కొందరైతే ఆ పండుగ ఎలా చేస్తారని ప్రశ్నల మీద ప్రశ్నలు. కొందరు వద్దన్నారు, పైసలు వాపసు ఇచ్చేశాం. ఆగుతామని ఎవరన్నా సరే, మహీన్ గదిలో గంతులే గంతులు. మామిడికాయలు లేని పెట్టెలు కట్టి బస్టాండులో కార్గో కౌంటరుకు చేర్చేసరికి సాయంత్రమైంది. అక్కడే బల్ల మీద కూర్చుని ఖర్జూరాలతో ముగ్గురం ఉపవాసం విడిచాం. ఆ ఖర్జూరం రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది.

రంజాన్ వెళ్లాక పూలి కబురు పంపింది, పండుగకు రమ్మని. వెళ్లాం. దేవతకు పెట్టిన తర్వాత జంపయ్య ఒక్కో ఇంటి పేరు పిలుస్తున్నాడు. పిలిచినప్పుడల్లా మోదుగాకులో కొత్త మామిడి ముక్క. ఇళ్లన్నీ అయ్యాయి. పిల్లలు ఆకుల చుట్టూ ఎగురుతున్నారు.

జంపయ్య మావైపు తిరిగాడు. "బీబమ్మా, నీ ఫోన్ల మనుషులు ఆగిన్రా మరి?"

"ఆగిన్రు తాతా!"

"తినకుంట ఆగినోళ్లకు వాటా ఉంటది. పేర్లు చెప్పు."

మహీన్ ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు, పేజీ తెరుచుకోలేదు. ఇమాంబీ ఆ ఫోన్ వైపే చూడలేదు. కొంగు బిగించి అందుకుంది. "సికింద్రాబాద్ వనజాక్షి. కరీంనగర్ మాధవి, కవల పిల్లలు. మధిర రంగనాథం సారు, మోకాళ్ల నొప్పులు..." ఊరు, పేరు, ఇంటి సంగతి, ఒకదాని వెంట ఒకటి! పిల్లలు ప్రతి పేరునూ తిరిగి అరుస్తున్నారు. ఆడవాళ్లు నవ్వుకుంటూ ముక్కలు పెడుతున్నారు, ఆకులు చాలక ఇంకో మోపు తెచ్చారు. నా పెళ్లాం నోటినుంచి అన్ని ఇళ్లు రావడం చూసి గర్వంతో నేనూ పిల్లలతో కలిసి పేర్లు అరిచాను.

చివర్న ఆమె అంది, "మల్లాపూర్ సుదర్శన్‌రావు."

నేను ఆగలేకపోయాను. "ఆయన ఆగలేదు గదే! తిట్టి, రద్దు జేసిండు!"

"మాటిచ్చింది నేను. తప్పింది నేను. ఆయన తిట్టకేం జేస్తడు?"

జంపయ్య నవ్వాడు. ఆకు మీద ఒక ముక్క పెట్టబోతున్న పూలి చేయి పట్టుకుని ఆపాడు.

"కోపమచ్చినోనికి రెండు పెట్టు."