ఈనెల్ని పిండి చేసిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. తెలియదని తెలిసేంత వయసు ఇంకా రాలేదు మరి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో పెరిగి, ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, ఊరి పక్కనే ఉన్న సిర్గిట్టిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. ఆకు తీసేశాక మిగిలిన పొగాకు ఈనెల్ని నానబెట్టి, గుజ్జు చేసి, సిగరెట్లలోకి వెళ్ళే రేకును కాగితంలా తీసే పని. (రైల్వేలో లేనిది మా నాన్న దృష్టిలో ఉద్యోగమే కాదు. ఆరు నెలల్లో పర్మనెంట్ కాకపోతే రైల్వే పరీక్షకు కూర్చోవాలని ఆయన షరతు.) ఆరో నెల ఆఖరి రోజున యజమాని స్వయంగా వచ్చి నేను తీయించిన రేకు చూస్తానన్నాడు.

గుజ్జును నలిపే యంత్రం పేరు రిఫైనర్. గాట్లు పెట్టిన రెండు ఇనుప బిళ్ళల మధ్య నలిగి నార చీలికలై, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. ఆ పట్టే రేకుకి బలం. ఆ యంత్రాన్ని నడిపేది లోకో షెడ్‌లో రిటైరైన, నేను మావయ్యా అని పిలిచే మా కాలనీ పెద్దాయన. గుజ్జును గుప్పిట్లో పిండి చూసి బిళ్ళల ఎడం సరిచేసేవాడు. ఇదేం పద్ధతని నాకు లోలోపల నవ్వు. ఎంత నలిపితే అంత పట్టు కదా అని లెక్క కట్టి, ఆ ఆఖరి రోజున ఆయన టీకి వెళ్ళగానే బిళ్ళల్ని బిగించేశాను. చాలా తృప్తిగా కూడా ఉంది.

గంటలో గుజ్జు జిగురైపోయింది. నార ముక్కలు ముక్కలై ఉబ్బింది. జల్లెడ మీద నీళ్ళు దిగవు, రేకు లేవదు, లేచిన కాస్తా పెనానికంటిన అట్టులా రోలరుకు అతుక్కుంది. మావయ్య వచ్చి గుజ్జు గుప్పిట్లో పిండి చూశాడు.

“ఏటి సేసావు బాబూ? గారెల పిండనుకున్నావేటి? నార సచ్చిపోతే రేకు నిలబడదు.”

తిట్టలేదు. అచ్ఛా అంటూ బిళ్ళలు వదులు చేసి, పక్క తొట్టిలోని ముతక గుజ్జు ఇందులో కలిపించాడు. నీళ్ళు దిగాయి. యజమాని వచ్చేసరికి రేకు కదులుతోంది. ఆయన లాగి చూశాడు, చిరగలేదు. రోలరు కింద పడున్న చిరుగు ముక్కలు చూసి, ఎవరు సరిచేశారని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మావయ్య, మా ఇంజనీరు బాబేనండీ అని చెప్పేశాడు.

నన్ను పర్మనెంట్ చేశారు. మర్నాడే గుప్పిట పట్టడం నేర్పమని మావయ్యని బతిమాలుకున్నాను. ఇప్పుడు నాకు ల్యాబ్ ఉంది, మీటరుంది. అయినా ముందు గుప్పిటే పిండుతాను. అంతా తెలిసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి పొగడ్త పచ్చి అబద్ధం. దాన్ని నిజం చేయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.