అమ్మ పిలిచింది నన్ను కాదు

నేను చేసింది దొంగతనమో, అబద్ధమో, మరొకటో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. వీలునామా మీద ఉన్న సంతకం అమ్మదే. సాక్షులిద్దరూ నిజంగా అక్కడ ఉన్నవాళ్లే. దాన్ని అమలు చేసే అధికారం కోర్టు నాకు పద్ధతి ప్రకారమే ఇచ్చింది. ఎవరు ఎంత తరచి చూసినా తప్పు దొరకదు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీసేముందు ఒక్క క్షణం ఆగుతాను. లోపల ఎవరో కూర్చుని నన్ను అడగడానికి ఎదురుచూస్తున్నట్టుంటుంది. ఈ బరువు మోయడం అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా నాన్న ఇక్కడ సింగపూర్ ఓడరేవులో పనిచేసేవాడు. అమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై వచ్చింది. ఎన్నేళ్లున్నా ఆమె యాస మారలేదు. మేమిద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, వనజ చిన్నది. మా ఇంట్లో అక్కని అప్ప అంటాం. టోవా పాయోలో ఉన్న ఫ్లాట్ నాన్న పోయాక అమ్మ పేరు మీదికొచ్చింది.

వనజ పెళ్లి చేసుకోలేదు. అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు, పిల్లల బడిలో చేస్తున్న టీచరు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయింది. నేను పెళ్లి చేసుకుని వెళ్లాను. ఆ పెళ్లి నిలవలేదు. ఇల్లు అతని పేరు మీద ఉంది కాబట్టి బయటికి రావలసింది నేనే. సూట్‌కేసులతో అమ్మ దగ్గరికొచ్చి నిలబడితే, "ఏటీ కాదు. ఈ ఇల్లు నీది కాదేటి?" అంది. అది ఓదార్పా, ఇస్తానన్న మాటా? అప్పుడు అడగలేదు. తర్వాత అడిగే ధైర్యం లేకపోయింది.

నేను పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. మా పక్క విభాగంలో వయసు మళ్లినవాళ్లని ఒక్కొక్కరినే పంపించేస్తున్నారు. అమ్మ మతిమరుపు పెరుగుతోంది. రేపు అమ్మ పోతే నేనెక్కడ ఉంటాను? వనజ నన్ను పొమ్మనదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒకసారి ఇంకొకరి ఇంట్లోంచి బయటికొచ్చినదాన్ని. ఆ భయానికి మనుషుల మంచితనం కనిపించదు. ఇప్పుడిలా రాస్తుంటే ఇది కారణంలా ఉందా, సాకులా ఉందా? నాకే తెలియడం లేదు.

వీలునామా రాయిద్దామన్నది నేనే. లాయరుతో ఫోన్లో మాట్లాడిందీ నేనే. ఇల్లు పెద్ద కూతురికి ఇవ్వాలని అమ్మ అనుకుంటోందని చెప్పాను. అమ్మ సూట్‌కేసుల రోజు అన్న మాట తలచుకుని చెప్పాను. అతను చైనీస్ కుర్రాడు, జాగ్రత్తపరుడు. మీ అమ్మగారిని నేనే అడిగి తెలుసుకుంటాను, ఆ తర్వాతే సంతకం అన్నాడు. ఆవిడకి మతి స్థిమితంగానే ఉందా అని కూడా అడిగాడు. అప్పుడప్పుడు మరిచిపోతుంది, వయసు కదా, అన్నాను.

అతను వస్తానన్న రోజు పొద్దున్నే వనజని లిటిల్ ఇండియాకి పంపించాను. అమ్మకి చేపల పులుసు తినాలనుందని చెప్పాను. అమ్మ అలాంటిదేమీ అడగలేదు. వనజ సంబరంగా సంచీ పట్టుకుని వెళ్లింది.

లాయరు తన గుమాస్తాని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది, ఆ రోజు ముఖం తేటగా ఉంది. కొంచెం సేపు మీరు బయట ఉండండి అని లాయరు నాతో అన్నాడు. నేను లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ముఖం దగ్గరికి లాక్కుని మెల్లగా అంది:

"వనజా, యెల్లకే. ఈ ఇల్లు నీకేనే. అప్పకి ఉద్దోగం ఉంది, దానికేటి లోటు? రోజూ నాకు తానం చేయించేది నువ్వే కదే."

నేను ఒక్కరోజు కూడా అమ్మకి స్నానం చేయించలేదు.

"ఇష్టమేనా నీకు?" అంది అమ్మ.

"ఆఁ అమ్మా," అన్నాను.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. అమ్మ ఏమంటోందని లాయరు అడిగాడు. నన్ను ఉండమంటోంది అన్నాను. అది అబద్ధం కాదు. చూశారా, ఇప్పటికీ ఇలాగే మాట్లాడుతున్నాను.

అతను అమ్మ ముందు వంగి అడిగాడు. "ఆంటీ, యువర్ ఫ్లాట్ గివ్ టు హూ?"

అమ్మ నా చెయ్యి పైకెత్తి చూపించి, ఇక్కడివాళ్ల ఇంగ్లీషులోనే అంది. "దిస్ వన్ లా. మై డాటర్."

అతను పత్రం చదివాడు. నా పేరు కూడా చదివాడు, కానీ అతని నోట్లో అది నాకే కొత్తగా వినిపించింది. అమ్మ వినడం లేదు, నా చేతి మీద నిమురుతూ కూర్చుంది. తర్వాత సంతకం పెట్టింది. ఆ ఇద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. ఒక్క మాట చాలు. ఈమె నన్ను మా చెల్లెలనుకుంటోంది అంటే చాలు, అతను కాగితాలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చిందా? వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. రాలేదు.

వనజ తిరిగొచ్చి పులుసు పెట్టింది. అమ్మ రెండు ముద్దలు తిని చాలంది.

ఆ మరుసటి ఏడాది అమ్మ పోయింది. వీలునామాలో ఏముందో వనజకి నేనే చెప్పాను. ఆమె ముఖం చూడలేక కిటికీ వైపు చూస్తూ చెప్పాను. వనజ, "అమ్మ ఆలోచించే చేసుంటుందిలే అప్పా," అంది. అరిచి ఉంటే బావుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఆ అరుపుల్లో నిజం జారిపడేదేమో.

వీలునామా అమలు చేసే అధికారం కోసం కోర్టుకి దరఖాస్తు పెట్టాలి. ఇదే అమ్మ చివరి వీలునామా అని, నిజమైనదని నేను నమ్ముతున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. ప్రమాణం చేయించే ఆయన ఆఫీసుకి వనజ నాకు తోడుగా వచ్చింది. నేను ఒక్కదాన్నే అయితే కంగారుపడతానని. ఇందులో రాసినదంతా నిజమేనా అని ఆయన అడిగాడు. గాజు తలుపు అవతల వనజ నా గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది. నిజమే అన్నాను. నా గొంతు మామూలుగానే పలికింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ తర్వాత ఎదురుచూపు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే కోర్టుకి చెప్పుకోవచ్చని లాయరు అన్నాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆఫీసులో అంకెలు తప్పుగా కొట్టేదాన్ని. వనజ ఎవరితోనైనా ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఆమె ఉద్యోగం కోసం వెతుక్కుంటోంది, అంతే. చివరికి అనుమతి వచ్చిందని లాయరు ఫోన్ చేసినప్పుడు ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. సంతోషం రాలేదు. ఎవరూ నన్ను ఆపలేదే అనిపించింది.

ఇల్లు నా పేరు మీదికి మారాక వనజ ఒకరోజు సుత్తి పట్టుకుని నా గది ముందుకొచ్చింది. "అప్పా, అమ్మ ఫోటోకి ఇక్కడ మేకు కొట్టనా?" అంది. పుట్టి పెరిగిన ఇంట్లో మేకు కొట్టడానికి అడిగింది. కొట్టు, దానికి నన్నడగాలా అని కసిరాను. ఆ తర్వాత ఫ్రిజ్ సర్దినా, కర్టెన్ మార్చినా అడిగేది. కొన్నాళ్లకి వృద్ధుల ఆశ్రమంలో పని దొరికిందని, దానికి దగ్గర్లో గది అద్దెకి తీసుకున్నానని చెప్పింది. ఉండమన్నాను. గట్టిగా అనలేదు.

ఈమధ్య ఒక ఆదివారం ఆమె గదికి వెళ్లాను. ఎన్నోసార్లు ఆ వీధిదాకా వెళ్లి వెనక్కొచ్చాను, ఈసారి తలుపు తట్టాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. ఆ రోజు అమ్మ చేపల పులుసు అడగలేదని కూడా చెప్పాను. ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇంటి గురించి అడుగుతుందనుకున్నాను.

"అమ్మ నన్ను పేరెట్టి పిలిచిందా?" అంది.

"ఆఁ."

"చివర్లో నన్ను నర్సనుకునేది అప్పా. సిస్టర్ అనేది. థాంక్యూ చెప్పేది. నా పేరు పూర్తిగా పోయిందనుకున్నాను." తువ్వాలు పక్కన పెట్టింది. "నువ్వు విన్నావు. విని నాకు చెప్పలేదు."

నేనంతకాలం ఇంటిని మాత్రమే తీసుకున్నాననుకున్నాను. ఇంకేం తీసుకున్నానో అప్పటిదాకా నాకు తెలియదు.

"అమ్మ ఎలా అందో అలాగే చెప్పు," అంది.

చెప్పాను. అమ్మ యాసలోనే చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని వింది.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను.

కళ్లు తెరిచి, "ఇక యెళ్లు అప్పా," అంది. ఇల్లు నీకు రాసిస్తాను, వేరే లాయరు దగ్గరికి వెళ్తున్నాను, ప్రమాణం చేసి చెప్పింది నిజం కాదని కోర్టుకీ చెబుతాను అన్నాను. "ఏం చేసుకుంటావో చేసుకో. నన్నడక్కు," అంది. తలుపు గట్టిగా వేయలేదు. మెల్లగా వేసి, లోపల గడియ పెట్టుకుంది.

అప్పటినుంచి ఫోన్ చేస్తే తీయడం లేదు. లాయరు ఏమంటాడో, నామీద ఏం వస్తుందో తెలియదు. భయంగానే ఉంది. క్షమించమని ఆమెను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. కానీ అమ్మ ఆ రోజు అన్న మాట ఇన్నేళ్లూ నా దగ్గరే ఇరుక్కుపోయి ఉంది. ఇప్పుడది వనజ దగ్గర ఉంది.